సాయంత్రం పూజకి అవసరం లేదు

నేను చూసిన సముద్రమంతా మిట్టమధ్యాహ్నపు సముద్రమే. మద్రాసు మాకు పరదేశమేమీ కాదు. తిరుత్తణికీ తిరువళ్లూరుకీ నడుమ ఉన్న మా ఊరి నుంచి పొద్దున రైలెక్కితే ఎండ ముదరకముందే చేరిపోతాం. పెళ్లి చీరలకని వెళ్ళాం, అత్తగారి కంటి ఆపరేషన్‌కని వెళ్ళాం, అమ్మాయి పరీక్షకని వెళ్ళాం. వెళ్ళిన ప్రతిసారీ, ఇంత దూరం వచ్చాం కదా అని, మా ఆయన నన్ను మెరీనాకు తీసుకెళ్ళేవారు. ఆ వేళకు ఇసుక పెనంలా కాలేది. చెప్పుల్లోకి ఇసుక దూరి అరికాళ్ళు చుర్రుమంటుంటే నీళ్ళ దాకా పరుగెత్తి, ఎండకు కళ్ళు చికిలించుకుని ఒకసారి చూసి, మళ్ళీ పరుగున వెనక్కి వచ్చేవాళ్ళం. ఆయన వాచీ చూసుకునేవారు. "దీపం పెట్టాల" అనేవారు. ఇక దాని మీద మాట లేదు. రైలు, తిరువాలంగాడు స్టేషను, అక్కడ నిలబెట్టిన మోటారుసైకిలు, గుడి.

మా ఆయన మా ఊరి పెరుమాళ్ గుడి అర్చకులు. ఊళ్ళో ఇళ్ళలో తెలుగు, బస్సెక్కితే తమిళం. ఆ ఊరికి కోడలిగా వచ్చాక నాకు తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే, అర్చకుడి పెళ్ళానికి సాయంత్రం ఉండదు. పగలు ఉంటుంది, రాత్రి ఉంటుంది. మధ్యలో ఆ కాస్త చల్లటి పూట, వేరే ఆడవాళ్ళు మొగుళ్ళతో కలిసి సంతకు పోయే పూట, వాకిట్లో నిలబడి పక్కింటివాళ్ళతో మాట్లాడుకునే పూట, మా ఆయన గర్భగుడిలో ఉంటారు. దేవుడి మీద నాకు అసూయ లేదని అందరితో అంటాను. కొంచెం ఉంది.

మాది నరసరావుపేట పక్క. పెళ్ళైన కొత్తలో, ఇంకా ఇల్లు కూడా సరిగ్గా అలవాటు కాకముందే, ఒక రోజు ధైర్యం చేసి అడిగాను. ఏమండీ, ఒకసారి సాయంత్రం పూట మద్రాసులో సముద్రం ఒడ్డున కూర్చుని వద్దామా అని. ఆయన నవ్వుతూ, ఎంతో మెత్తగా, "దానికి అవసరం లేదు" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వుతూ అవసరం లేదంటాడేమిటి ఈ మనిషి అని, ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను.

మర్నాడు అత్తగారు నా ముఖం చూసి కారణం రాబట్టింది. విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ పక్క అవసరమంటే తొందర అని చెప్పింది. అవసరంగా పోయినాడు అంటే తొందరగా వెళ్ళాడని, అవసరం లేదంటే తొందరేమీ లేదని. తమిళంలో అంతేనట, ఆ మాట వీళ్ళ తెలుగులోకీ అలాగే వచ్చి కూర్చుందట. "నిదానంగా పోదామని అన్నాడమ్మాయ్ వాడు, వద్దని కాదు" అంది. మా వైపు అవసరమంటే కావలసినది. లేదంటే అక్కర్లేదని. నేనూ నవ్వాను. అన్నం తిన్నాను. కొత్త భాషలో ఒక మాట నేర్చుకున్నానని సంబరపడ్డాను కూడా.

అప్పటి నుంచి ఇరవై ఏళ్ళ పైన అయింది. ఆయన అబద్ధమాడలేదు. ఎప్పుడడిగినా తొందర లేదనే అన్నారు.

ఈసారి మాత్రం నేను వలపన్నాను. మా పిన్ని కొడుకు, నరసరావుపేట పక్క మా పుట్టింటి ఊళ్ళో శివాలయంలో పూజ చేసే తమ్ముడు, తిరుత్తణి కొండ చూడాలని వచ్చి మా ఇంట్లో దిగాడు. చక్కగా మంత్రం చెబుతాడు, శుచిగా ఉంటాడు, పెరుమాళ్ళ పూజకూ పనికొస్తాడని మా ఆయనే స్వయంగా ఒప్పుకున్నారు. శని ఆదివారాలు గుడి చూసుకుంటావా అని వాడిని అడిగాను. దానిదేముంది అక్కా అన్నాడు. అదే సమయానికి మా ఆయన చిన్ననాటి స్నేహితుడి వేను ఖాళీగా ఉంది. అతను పొలం చేసుకుంటూనే వారమంతా ఫ్యాక్టరీ మనుషుల్ని ఆ వేనులో తిప్పుతాడు. అతని బావమరిది వాళ్ళకు మద్రాసులోనే, వలసరవాక్కంలో ఒక ఫ్లాటు, ప్రస్తుతం తాళం వేసి ఉంది. అతనూ, అతని భార్యా కూడా వస్తామన్నారు. ఇంకేం కావాలి? శనివారం పొద్దున పూజ కాగానే బయలుదేరడం, ఆ సాయంత్రం సముద్రం, రాత్రి ఫ్లాటులో నిద్ర, ఆదివారం ఊరు తిరగడం, మళ్ళీ సాయంత్రం సముద్రం. మా ఆయన తప్పించుకోవడానికి నాలుగు వైపులా చూశారు. దారి లేదు. సరే అన్నారు.

విశ్రాంతి యాత్ర అని పేరు పెట్టింది మా అమ్మాయి. కాలేజీ పిల్ల, తమిళం గడగడా చదువుతుంది, తెలుగు అయితే వేలు పెట్టి కూడబలుక్కుంటుంది. ఆ విశ్రాంతి నాకు కోడి కూయకముందే మొదలైంది. మా ఆయన బయట తిండి ముట్టరు. కాఫీ కూడా తాగరు. రెండు రోజులకు సరిపడా పులిహోర, దధ్యోజనం, అప్పడాలు, ఊరగాయ, మడినీళ్ళు, ఆ నీళ్ళకు వేరే చెంబు. ఇంట్లో వంటింటిని వదిలి పోతున్నానని అనుకున్నాను. వంటిల్లు నా వెనకే వేనెక్కింది.

మా తమ్ముడికి ఆయన అప్పగింతలు పెట్టడం మొదలుపెడితే వేనులో కూర్చున్న మాకు ముచ్చెమటలు పోశాయి. తాళం ఎటు తిప్పాలి, తలుపు ఎంత పైకెత్తి నెట్టాలి, ఏ గంట పగిలింది, తులసి ఎవరి పెరట్లోంచి తేవాలి. పెళ్ళిలో నన్ను అత్తవారింటికి పంపినప్పుడు మా నాన్న కూడా అన్ని జాగ్రత్తలు చెప్పలేదు. తాళం చెవి చేతిలో పెట్టి కూడా మళ్ళీ వెనక్కి తీసుకుని, ఇంకొకసారి తలుపు తీసి చూపించి ఇచ్చారు. స్నేహితుడు హారను కొట్టాడు. "సామీ, దేవుడు యాడికీ పోడు. మీరు రండి" అన్నాడు.

దారిలో నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళకు కుదిరిందని లోపల లోపల పొంగిపోతున్నాను. పూందమల్లి దాటుతుండగా మా ఆయన గొంతు సవరించుకుని, సముద్రాన్ని పౌర్ణమి అమావాస్యల్లాంటి పర్వదినాల్లో తప్ప ముట్టకూడదని, ఈ రోజు అలాంటి రోజు కాదని, ఒడ్డున కూర్చుని చూసి వచ్చేద్దామని అన్నారు. మధ్యాహ్నాల్లో నన్ను నీళ్ళ దాకా పరుగెత్తించినప్పుడు ఈ శాస్త్రం ఎక్కడ పోయిందో! అప్పుడు కాళ్ళు తడిసేంత టైము ఉండేది కాదు కాబట్టి శాస్త్రానికీ పని ఉండేది కాదు.

"నేను ముట్టనండీ. కూర్చుని ఉంటాను. అదే వచ్చి నన్ను ముట్టుకుంటే నా తప్పా?" అన్నాను.

స్నేహితుడి భార్య పకపకా నవ్వింది. మా ఆయన కిటికీ అద్దం దించుకుని బయటికి చూశారు. నాకు కాస్త కసి తీరింది.

మధ్యాహ్నం అమ్మాయి మాటకు అందరం ఒక పెద్ద మాల్‌కు పోయాం. వాళ్ళు ముగ్గురూ పైన ఎక్కడో చల్లటి హోటల్లో తింటుంటే, నేనూ మా ఆయనా నేలమాళిగ పార్కింగులో వేనులోనే కూర్చుని పులిహోర తిన్నాం. గాలి లేదు, వెలుతురు లేదు, పొగ వాసన. కాపలా మనిషి వచ్చి ఇక్కడ తినకూడదన్నాడు. మా ఆయన పిలక చూసి కొంచెం తగ్గాడు కానీ, అక్కడే నిలబడి మేము ఎప్పుడు ముగిస్తామా అని చూడసాగాడు. ఆదరాబాదరాగా తిన్నాం. పెళ్ళైన ఇన్నేళ్ళకు మొగుడితో కలిసి బయట కూర్చుని తిన్న మొదటి భోజనం అలా అయింది. నేను గుటకలు మింగుతూ, పోనీలే సాయంత్రం ఉంది కదా అనుకున్నాను. ఆ రోజు ఏది చెడినా నాకు అదే సమాధానం.

అప్పుడే మా తమ్ముడి దగ్గరి నుంచి మెసేజి వచ్చింది. గుడి మూసి భోజనం చేశానని, ఇప్పుడు తిరుత్తణి కొండకు వెళ్ళి రావచ్చా అని, సాయంత్రం పూజ సంగతి ఏం చేయమంటారని. మా ఆయన చేతికి పులిహోర నూనె అంటుకుని ఉంది. మోచేత్తో ఫోను ఆనించి పట్టుకుని, వేలి కొసతో నొక్కి, వాట్సాప్‌లో మాటనే రికార్డు చేసి పంపించారు. నేను పక్కనే డబ్బా తుడుస్తూ ఆ మాటలు విన్నాను. మామూలు మాటలే. అందులో నా చెవికి తగిలింది ఏమీ లేదు. కాపలా మనిషి ఇంకా చూస్తూనే ఉన్నాడు, తొందరగా సర్దాను.

సాయంత్రానికి మెరీనా చేరాం. బండి నిలపడానికి చోటు దొరికేసరికి స్నేహితుడికి ప్రాణం పోయినంత పనైంది. నేను మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. చెప్పులు వేనులోనే వదిలేసి ఇసుకలో దిగాను.

ఇసుక చల్లగా ఉంది. ఆ సంగతి నాకు తెలియదు. ఎండ వెనక మేడల చాటుకు పోయింది, వాటి నీడ ఇసుక మీద సాగుతూ నీళ్ళ వైపు పోతోంది. నీళ్ళు మధ్యాహ్నంలాగా కళ్ళు పొడవడం లేదు. ముదురు రంగులో నిండుగా ఉన్నాయి. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. సుండల్ గుగ్గిళ్ళు అమ్మేవాడు పాట లాగా అరుస్తున్నాడు. ఎవరి పెళ్ళాలో ఎవరి మొగుళ్ళో ఇసుకలో కాళ్ళు చాపుకుని, ఏ తొందరా లేకుండా, ఏమీ మాట్లాడుకోకుండా కూర్చుని ఉన్నారు. ఇదన్న మాట ఇన్నేళ్ళూ మేము రైల్లో ఉండగా ఇక్కడ జరుగుతున్నది అనుకున్నాను. ఏడుపు వచ్చింది. సంతోషంతో వచ్చిందో ఉక్రోషంతో వచ్చిందో చెప్పలేను.

మెరీనాలో రోడ్డు నుంచి నీళ్ళ దాకా ఇసుక చాలా దూరం. సగం నడిచాక, పక్కన మా ఆయన లేరని గమనించాను. వెనక్కి చూస్తే ఆయన ఇంకా ఇసుక మొదట్లోనే, ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నారు. స్నేహితుడు పక్కనే ఉన్నాడు. ఇద్దరి ముఖాలూ దూరం నుంచి కనబడలేదు కానీ నిలబడ్డ తీరు తెలిసిపోయింది. ఆయన చెయ్యెత్తి రమ్మని ఊపారు.

ముందు నీళ్ళు, వెనక ఆయన. నేను ముందుకు పోయి ఉంటే ఎవరూ నన్ను ఉరి తీసేవారు కాదు. కానీ కాళ్ళు వెనక్కి తిరిగాయి. ఆ కాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఫోను చేసింది మా గుడి ధర్మకర్త. గుడి తెరవలేదు. శనివారం కాబట్టి జనం ఎక్కువ, అందరూ వాకిట్లో కూర్చుని ఉన్నారు. ప్రతి శనివారమూ నువ్వుల నూనె తెచ్చే ముసలమ్మ గిన్నె పట్టుకుని మెట్ల మీద కూర్చుని, దీపం లేకపోతే నేను కదలనని భీష్మించుకుంది. ధర్మకర్త కోపంగా ఏమీ అనలేదట, అందుకే మా ఆయనకు మరీ భయం వేసింది. మా తమ్ముడి ఫోను స్విచ్చాఫ్. తాళం చెవి వాడి దగ్గరే. ఇంకో తాళం చెవి మా ఆయన మొలతాడుకు కట్టి ఉంది. మా తమ్ముడి మీద నమ్మకముందని చెప్పి, రెండో తాళం చెవి సముద్రం దాకా తెచ్చుకున్నారు.

"పోవాల" అన్నారు.

స్నేహితుడు వేను దగ్గరికి నడిచాడు. అతని మెడ వెనక నుంచి చూసినా అలక కనబడుతోంది. వారానికి దొరికే రెండు రోజులు అతనికీ ఇవే. అతని భార్య అప్పుడే కొన్న సుండల్ పొట్లం చేత్తో పట్టుకునే వేనెక్కింది. మా అమ్మాయి ముఖం మాడ్చుకుని చెవుల్లో ఏవో పెట్టుకుంది. నా కాళ్ళకంటిన ఇసుక దులపలేదు. అలాగే కూర్చున్నాను.

రోడ్డు పొడుగునా మెట్రో పనులు, ఆగిన బండ్లు. మా ఆయన ఐదు నిమిషాలకొకసారి మా తమ్ముడికి ఫోను చేయడం, స్విచ్చాఫ్ అని వినడం, నా వైపు తిరగడం. మీ తమ్ముడు, మీ తమ్ముడు అని మొదలుపెట్టారు. పొద్దున దాకా వాడు చక్కగా మంత్రం చెప్పే కుర్రాడు, ఇప్పుడు మీ తమ్ముడు. వాడు గుడిని గాలికి వదిలేసే మనిషి కాదని నేను. మరి యాడ పోయినాడు అని ఆయన. నాకేం తెలుసు, మీరే కదా వాడితో మాట్లాడింది అని నేను. ఇంటి దగ్గర గొంతు తగ్గించుకునే వాళ్ళం, వేనులో ఆ మర్యాద కూడా పోయింది. మధ్యలో ఎవరూ మాట్లాడనప్పుడు సుండల్ నమిలే చప్పుడొక్కటే వినబడేది. ఆ పొట్లం నాకిచ్చి ఉంటే కిటికీలోంచి పారేసేదాన్ని.

తిరువళ్లూరు దగ్గరికొచ్చేసరికి బాగా చీకటి పడింది. అప్పుడు మోగింది నా ఫోను. మా తమ్ముడు. అందరూ వినాలని స్పీకరు పెట్టాను.

కొండ మీద ఫోను లోపలికి పట్టుకుపోనివ్వలేదట, ఆపేసి కింద ఇచ్చి వెళ్ళాడట. శనివారం కాబట్టి క్యూ కదలలేదట. దిగి ఫోను తీసుకుని చూస్తే ఊరంతా ఫోను చేసి ఉంది, తిరిగి చేసేలోపే చార్జింగు అయిపోయిందట. ఆటో మాట్లాడుకుని పరుగున వచ్చి, గుడి తీసి, దీపం పెట్టి, పూజ చేసి, ఇప్పుడే బయటకు వచ్చి చార్జింగు పెట్టుకుని చేస్తున్నాడట. ముసలమ్మ నూనె పోసి వెళ్ళిందట. ధర్మకర్త కూడా ప్రసాదం తీసుకుని, ఇంకెప్పుడూ ఇలా చేయొద్దని మాత్రం అన్నాడట.

"అక్కా, నా తప్పేముంది? బావగారే కదా సాయంత్రం పూజకు అవసరం లేదన్నారు. ఈ వైపు గుళ్ళకు ఒక పూట పూజే ఉంటుందేమో అనుకున్నాను."

"నేనెప్పుడన్నాను?" అన్నారు మా ఆయన.

స్నేహితుడు బండిని రోడ్డు పక్క టీ కొట్టు ముందు ఆపేశాడు. ఇక ఎటు పోవాలో అతనికీ తెలియలేదు. అందరం దిగాం. మా అమ్మాయి వాళ్ళ నాన్న చేతిలోంచి ఫోను తీసుకుని, మధ్యాహ్నం పంపిన మాట వెతికి, గట్టిగా వినిపించింది. కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని విన్నాం. వెనక పార్కింగులో ఎవరో బండి తీస్తున్న చప్పుడు, నేను డబ్బా మూత నొక్కుతున్న చప్పుడు, వాటి మధ్య ఆయన గొంతు.

"నువ్వు కొండకి పొయ్యిరా. సాయంత్రం పూజకి అవసరం లేదు."

"కరెక్టుగానే చెప్పినారే నాయనా. తొందర లేదు, నిదానంగా రమ్మని. ఇందులో తప్పేముంది?" అంది మా అమ్మాయి. స్నేహితుడూ, అతని భార్యా తలలూపారు. వాళ్ళకు దానికి ఇంకో అర్థం ఉందనే తట్టలేదు.

నాకు మాత్రం రెండూ వినబడ్డాయి. మొదట ఈ ఊరి మాటగా, వెంటనే మా తమ్ముడి చెవికి వినబడ్డ మాటగా. ఈ ఒక్క మాటకు అన్నం మానేసిన మనిషిని నేను. మధ్యాహ్నం ఆయన పక్కన మూరెడు దూరంలో కూర్చుని వినీ, నరసరావుపేట నుంచి వచ్చినవాడికి అది ఎలా వినబడుతుందో నాకు తోచలేదు. అంతగా ఈ ఊరిదాన్నైపోయాను. మా వాళ్ళ చెవి ఎప్పుడు పోగొట్టుకున్నానో నాకే తెలియదు. స్నేహితుడి భార్యకు వివరించి చెబితే ఆవిడ పడీ పడీ నవ్వింది. స్నేహితుడూ నవ్వాడు. మా ఆయన కూడా, దీపం పెట్టారన్న ఊరట ఒకటి, తప్పు ఎవరిదీ కాదన్న ఊరట ఒకటి, హాయిగా నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

స్నేహితుడు టీ తాగుతూ, దీపం అయిపోయింది కదా, మళ్ళీ వెనక్కి మద్రాసు పోదామా, ఊరికి పోదామా అని అడిగాడు. సగం దారి దాటేశాం. ఆదివారం ఇంకా చెక్కు చెదరకుండా ఉంది. నేను మా ఆయన ముఖం చూశాను. ఆయన ఊరి వైపు రోడ్డు చూశారు. మళ్ళీ నన్ను చూసి, పాపం ఎంతో మెత్తగానే, నవ్వుతూనే అన్నారు.

"సముద్రానికేమే, అవసరం లేదు. ఇంకోసారి పోదాం."

ఒళ్ళు భగ్గుమంది.

"ఏ అవసరమండీ? మీదా, మాదా?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. నేను ఆపలేదు. బెంచీ మీద స్నేహితులున్నారు, కొట్టువాడు వింటున్నాడు, పిల్ల ఉంది. అయినా ఆపలేదు.

"తొందర లేదు, తొందర లేదు అని ఇరవై ఏళ్ళు అన్నాక కూడా దానికి తొందర లేదనే అర్థమా? మా తమ్ముడు సరిగ్గానే విన్నాడు. నేనూ పెళ్ళైన కొత్తలో సరిగ్గానే విన్నాను. అత్తయ్య చెప్పిన తర్వాతే తప్పుగా వినడం మొదలుపెట్టాను."

స్నేహితుడి భార్య నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి మానేసింది. మా అమ్మాయి చెవుల్లోవి తీసేసి వాళ్ళ నాన్న వంక చూస్తోంది. మా ఆయన తల వంచుకుని నా కాళ్ళ వైపు చూశారు. మెరీనా ఇసుక ఇంకా పాదాలకు అంటుకునే ఉంది, తడి లేదు కాబట్టి వేళ్ళ మధ్య నుంచి పొడిగా రాలుతోంది. ఏదో శాస్త్రం చెబుతారని నేను కాచుకుని ఉన్నాను. చెప్పి ఉంటే ఆ రోజు ఏం జరిగేదో నాకు తెలియదు.

లేచి మొలతాడుకున్న రెండో తాళం చెవిని ఒకసారి తడుముకున్నారు. అమ్మాయి దగ్గర ఫోను తీసుకుని కొంచెం పక్కకు జరిగి, వేలితో నొక్కి మొదలుపెట్టారు.

"రేపు సాయంత్రం పూజకి మాకు అవసరం..."

ఆగిపోయారు. ఆ మాటను చెరిపేశారు. దాని బదులు ఏ మాట వాడాలో ఆయనకు వెంటనే దొరకలేదు. రోడ్డు మీద రెండు లారీలు పోయేదాకా అలాగే నిలబడి, మళ్ళీ నొక్కి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నిలిపి నిలిపి చెప్పారు.

"రేపు పొద్దున, సాయంత్రం, రెండు పూటలా గుడి నువ్వే తెరవాల. దీపం నువ్వే పెట్టాల. మేము రాము."

స్నేహితుడు టీ గ్లాసు అక్కడ పెట్టి, బండిని మళ్ళీ మద్రాసు వైపు తిప్పడానికి లేచాడు. నేను మాత్రం కదలలేదు. ఆ మాట మా తమ్ముడికి అందినట్టు ఫోనులో రెండో టిక్కు పడేదాకా ఆయన పక్కనే నిలబడి చూస్తూ ఉన్నాను.